వెలి, మొర, రచ్చ: స్వచ్ఛంద సాంకేతిక సముదాయముల వివాదపరిభాషపై ఒక పరిశీలన

1. ప్రస్తావన

జీతబత్తెములు లేకయే, ఏ యధికారి యాజ్ఞకును లోబడకయే, తమంత తాముగా ముందునకు వచ్చి ఒక సాంకేతిక కార్యమును నిర్వహించు జనసముదాయములు గత నాలుగు దశాబ్దములలో లోకమంతట ఏర్పడినవి. లినక్సు, పైథాన్ మొదలగు సాఫ్ట్‌వేరును నిర్మించువారిలో కొందరు, వికీపీడియా వంటి విజ్ఞానసర్వస్వములను కూర్చువారు ఈ కోవకు చెందుదురు. తెలుగున ఇట్టి కృషికి ప్రముఖోదాహరణము 2003 డిసెంబరు 10వ తేదీన వెన్న నాగార్జున గారి చొరవతో ఆరంభమైన తెలుగు వికీపీడియా. ఇందు పాల్గొనువారిలో అధ్యాపకులు, ఇంజనీర్లు, గృహిణులు, విశ్రాంతోద్యోగులు, విద్యార్థులు కలరు. ఒకరి ముఖ మొకరు చూడకయే సంవత్సరముల తరబడి కలిసి పనిచేసినవారును కలరు.

పదిమంది కలిసినచోట పొరపొచ్చెములు తప్పవు. ఐతే ఇట్టి సముదాయములలో పుట్టు వివాదమునకు ఒక ప్రత్యేకత కలదు. ఉద్యోగమునుండి తొలగింపబడిన వ్యక్తికి నియామకపత్రము, నోటీసు, న్యాయస్థానము మున్నగు ఆధారములు ఉండును. స్వచ్ఛంద కార్యకర్తకు ఇవి యేవియు లేవు. అతనికి అందు గల ఆస్తి పాల్గొను అవకాశ మొక్కటియే. అది పోయినచో సర్వమును పోయినట్లే. మరియొక వైపున, తోటివారి దుర్భాషలకో వేధింపునకో గురియైన వ్యక్తికి రక్షణ కల్పింపవలసిన యజమాని యెవరును లేరు. మొర వినువారు కానరాక ఆ వ్యక్తి మౌనముగా వెడలిపోవును. అకారణముగా బయటికి నెట్టబడినవాని పేరు చిట్టాలో నైనను మిగులును. మౌనముగా వెడలిపోయినవారి పేరు ఏ చిట్టాకును ఎక్కదు. ఈ రెండు విధముల నష్టములలో ఒకదానిని నివారింపబోయి రెండవదానిని పెంచుట సామాన్యముగా జరుగుచున్నది.

ఈ విషయము న్యాయశాస్త్రజ్ఞులకు, సమాజశాస్త్రజ్ఞులకు సంబంధించినదే కదా, భాషాపరిశోధకులకు దీనితో పనియేమి యని ఎవరైన అడుగవచ్చును. ఇట్టి సముదాయముల నియమములన్నియు మొదట ఇంగ్లీషున రూపొంది, పిదప భారతీయభాషలలోనికి వచ్చుచున్నవి. అనువాదకుడు ఎన్నుకొను ఒక్క మాట, శిక్షను దిద్దుబాటుగనో అవమానముగనో మార్చగలదు. కావున బహిష్కరణను, ఫిర్యాదును తెలుపు తెలుగు మాటల చరిత్రను పరిశీలించి, వానిలో ఏవి యీ నూతన ప్రయోజనమునకు తగునో నిర్ణయించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

2. వెలి

బయటికి పంపుటను తెలుపు మాటలలో ప్రాచీనమైనది, దేశ్యమైనది 'వెలి'. దీని మూలార్థము కేవలము 'బయలు', 'బయట' అని. తమిళమునందలి 'వెళి' శబ్దముతో దీనికి గల సంబంధము స్పష్టము. 'వెలుపల', 'వెలుపలి', 'వెలువడు', 'వెలికివచ్చు' మున్నగు రూపములలో ఈ యర్థము నేటికిని నిలిచియున్నది. 'వెలిదమ్మి', 'వెలిగొడుగు' అను సమాసములందలి 'వెలి' తెలుపురంగును చెప్పునది. అది వేరు శబ్దము.

స్థలవాచకమైన ఈ మాట శిక్షావాచకముగా పరిణమించుట గమనింపదగినది. 'వెలివేయు', 'వెలిపెట్టు' అను క్రియలలో బయట నుంచుట యనునది కులమునుండి, పంక్తినుండి, బావినుండి, అగ్గినుండి దూరము చేయుట యైనది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు గారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు, దానికి తోడ్పడినవారును, విందునకు వచ్చినవారును వెలికి గురియైరి. ప్రాయశ్చిత్తము చేసికొని మరల కులమున ప్రవేశించినవారును కలరు. ఈ యుదాహరణమువలన వెలి యొక్క లక్షణములు నాలుగు తెలియుచున్నవి. మొదటిది, ఆరోపణ చేసినవారే తీర్పరులు. రెండవది, శిక్ష వ్యక్తితో ఆగక అతనితో మెలగినవారికిని అంటుకొనును. మూడవది, దానికి కాలపరిమితి లేదు. నాలుగవది, తిరిగి వచ్చుటకు నిర్దోషిత్వమును నిరూపించుకొను మార్గము లేదు. తప్పు నొప్పుకొని తల వంచుట యొక్కటియే మార్గము.

'వెలివాడ' అను సమాసము ఇంకను కఠినమైన చరిత్ర గలది. ఏ నేరమును చేయకయే, పుట్టుకచేతనే ఊరి వెలుపల నుండవలసిన జనుల నివాసము అది. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున వసతిగృహములనుండి బయటికి పంపబడిన ఐదుగురు దళిత విద్యార్థులు తమ నిరసనస్థలమునకు 'వెలివాడ' అనియే పేరు పెట్టిరి. వారిలో నొకరైన రోహిత్ వేముల జనవరి 17వ తేదీన మరణించెను. క్రమశిక్షణకు సంబంధించిన చర్యగా కాగితములపై నున్నదానిని అనుభవించినవారు ఏ మాటతో పిలిచిరో చూచినచో, శబ్దార్థము నిఘంటువున కంటె అనుభవమున లోతుగా నుండునని తేటపడును. పాలకవర్గము వాడిన మాటకును బాధితుడు వాడిన మాటకును నడుమగల దూరమే, అచ్చట మొర వినబడలేదనుటకు గుర్తు.

కాబట్టి సాంకేతిక సముదాయముల నియమావళిలో 'వెలి' శబ్దమును, దాని జన్యములను వాడరాదని నా యభిప్రాయము. తెలుగువాని చెవికి ఆ మాట దోషము కంటె ముందుగా జన్మను స్ఫురింపజేయును.

సంస్కృతసమమైన 'బహిష్కరణ' సరిపోవునా యని విచారింపవలెను. దీనికిని ఒక చిక్కు కలదు. స్వదేశీ యుద్యమకాలమునుండి విదేశవస్తు బహిష్కరణ, శాసనసభా బహిష్కరణ అను ప్రయోగములు వ్యాప్తి చెందినవి. అచ్చట బహిష్కరించువాడు తానై దూరముగ నుండువాడు. సంఘ బహిష్కరణమున బహిష్కృతుడు ఇతరులచేత దూరము చేయబడినవాడు. 'ఆయన సమావేశ బహిష్కరణ' అన్నప్పుడు ఆయన పోలేదో, ఆయనను రానీయలేదో ప్రకరణము లేక తెలియదు. నియమావళికి ఇట్టి సందిగ్ధత తగదు.

3. మొర, విన్నపము, ఫిర్యాదు

బాధను నివేదించుటకు తెలుగున మాటలు కొల్లలుగా కలవు. 'మొర' దేశ్యము, ఆర్తనాదము దీని యర్థము. 'విన్నపము' విజ్ఞాపన శబ్దభవము. క్రింది వ్యక్తి పై వ్యక్తికి తెలియజేయుట. 'మనవి' కూడ ఈ తీరుదియే. 'అర్జీ' అరబ్బీ మూలము కలదై పారసీక, ఉర్దూ భాషల ద్వారమున కచేరీలలో స్థిరపడినది. 'ఫిర్యాదు' పారసీకమునందలి 'ఫర్యాద్' శబ్దమునుండి వచ్చినది. దాని మూలార్థమును 'ఆక్రోశము', 'మొర' యనియే. అనగా తెలుగు దేశ్యపదమును పారసీక పదమును ఒకే భావమునుండి బయలుదేరినవి. మొదటిది దేవునికిని రాజునకును చెప్పుకొను మాటగా మిగిలిపోగా, రెండవది పోలీసుఠాణాలోను కచేరిలోను వ్రాతపూర్వకమైన చర్యగా మారినది.

ఈ మాటలన్నింటను సమానమైన లక్షణమొకటి కలదు: అన్నియు క్రిందినుండి పైకి పోవునవే. వినువాడు ప్రభువు, చెప్పువాడు ఆశ్రితుడు. స్వచ్ఛంద సముదాయమున ప్రభువు లేడు. అందరును సమానులని చెప్పుకొందురు. కాని ఆచరణమున కొందరికి ఇతరులను ఆపు శక్తి కలదు, తక్కినవారికి లేదు. ఆ శక్తి గలవానిపైననే మొర పెట్టవలసివచ్చినప్పుడు ఎవరికి పెట్టవలెను? సముదాయము చిన్నదైన కొలది ఈ ప్రశ్న తీవ్రమగును. పదిమంది నిర్వాహకులు మాత్రమే యున్నచోట చర్య గైకొన్నవాడు, సాక్షి, తీర్పరి, వారందరును ఏండ్ల తరబడి మిత్రులై యుందురు. పక్షపాతము లేకున్నను పక్షపాతము లేదని నమ్మించుట కష్టము.

నియమావళికి 'ఫిర్యాదు' తగిన పదము. అది సర్వజనవిదితము, వ్రాతపూర్వకమను భావము దానిలో నిమిడియున్నది, వేడుకోలు ధ్వని దానిలో చాలవరకు అరిగిపోయినది. 'విన్నపము', 'మనవి' యనునవి మర్యాదకు చక్కగనున్నను, న్యాయము కోరువానిని యాచకునిగా నిలుపును.

4. రచ్చ

వివాదము తీరు స్థలమును తెలుపు 'రచ్చ' శబ్దము ఈ సందర్భమున మిక్కిలి విలువైనది. సంస్కృత 'రథ్యా' శబ్దమునకు ప్రాకృతమున 'రచ్ఛా' రూపము. దానినుండి తెలుగు 'రచ్చ'. వీధి యనునది మూలార్థము. పిమ్మట నలుగురు కూడు చోటునకు ఆ పేరు వచ్చినది. చెట్టునీడను కట్టిన 'రచ్చబండ'పై గ్రామపెద్దలు కూర్చుండి తగవులు తీర్చుట ప్రసిద్ధము. 'ఇంట గెలిచి రచ్చ గెలువవలె'నను సామెతలో రచ్చ బహిరంగసభ. తెలుగు వికీపీడియాలో అందరును చర్చించుకొను పుటకు 'రచ్చబండ' యని పేరుంచుట ఈ సంప్రదాయమును గుర్తెరిగి చేసిన నామకరణము.

ఐతే 'రచ్చకెక్కు', 'రచ్చ చేయు', 'రచ్చరచ్చ' అను పలుకుబళ్లలో అదే మాట అల్లరిని, పరువు పోవుటను తెలుపుచున్నది. న్యాయసభయు అల్లరియు ఒకే శబ్దమున ఇమిడియుండుట యాదృచ్ఛికము కాదు. తెరచిన చోట జరుగు విచారణ నిందితునకు రక్షణ. చాటున జరుగు వెలికి అది విరుగుడు. కాని ఆ తెరచిన చోటనే నిలువబడి తన యవమానమును చెప్పుకొనవలసిన బాధితునికి, ముఖ్యముగా స్త్రీకి, అది రెండవ యవమానము. పదిమంది ప్రశ్నలు, పరిహాసములు, సంవత్సరములు గడచినను చెరిగిపోని లిఖితచర్చ, ఇవియన్నియు ఆ వ్యక్తిపైననే పడును. ఈ భయముచేతనే అనేకులు ఫిర్యాదు చేయక వెడలిపోవుచున్నారు.

కావున స్వచ్ఛంద సముదాయముల ముందున్న చిక్కును తెలుగు మాటలలో ఇట్లు చెప్పవచ్చును: తలుపు మూసినచో వెలి యగును, తలుపు తెరచినచో రచ్చ యగును.

5. నిరోధము, నిషేధము

వికీపీడియా పరిభాషలో ఈ రెండును వేరు. ఒక వాడుకరి మార్పులు చేయకుండ సాఫ్ట్‌వేరు ద్వారా ఆపు చర్య నిరోధము. ఇట్టి వ్యక్తి పాల్గొనరాదని సముదాయమో, తగిన మండలియో చేయు నిర్ణయము నిషేధము. మొదటిది సాధనము; రెండవది తీర్పు. నిరోధము కొన్ని గంటలకు మాత్రమే ఉండవచ్చును. దుశ్చర్యను అప్పటికప్పుడు ఆపుటకు ఒక్క నిర్వాహకుడు దానిని విధింపవచ్చును. నిషేధమునకు చర్చ, కారణము, నిర్ణయము కావలెను. లోకవ్యవహారమున ఈ రెండు మాటలను పర్యాయములుగా వాడుటవలన, గంటసేపు నిరోధింపబడిన క్రొత్తవాడు తాను శాశ్వతముగ నిషిద్ధుడనని తలచి మరల రాకపోవుట సంభవించును. ఈ భేదమును నియమావళి మొదటి పంక్తులలోనే వివరింపవలెను.

సాఫ్ట్‌వేరు నిర్మాణముననే కొన్ని న్యాయసూత్రములు ఇమిడియుండుట ప్రశంసనీయము. నిరోధించినవారి పేరు, చెప్పిన కారణము, ఆరంభకాలము, ముగింపుకాలము అందరికిని కనబడు చిట్టాలో నమోదగును. నిరోధింపబడినవాడు సామాన్యముగా తన చర్చాపుటలో మాత్రము వ్రాసికొనవచ్చును. అనగా ఊరినుండి పంపినను నోరు కట్టలేదు. వెలికి గల నాలుగు లక్షణములలో మూడింటికి ఇది సమాధానము: కాలపరిమితి కలదు, శిక్ష ఆ వ్యక్తితోనే ఆగును, సమాధానము చెప్పుకొను దారి కలదు. నాలుగవదగు తీర్పరి నిష్పాక్షికత మాత్రము యంత్రము కల్పింపలేనిది.

ఇంగ్లీషు వికీపీడియా 2004 నుండి ఎన్నికైన సభ్యులతో మధ్యవర్తి మండలిని నడుపుచున్నది. అట్టి మండలులు కలిగిన భాషలు కొన్ని మాత్రమే. సాఫ్ట్‌వేరు సముదాయములును ఇదే మార్గమున నడచినవి. డెబియన్ 2014లో ప్రవర్తనానియమావళిని ఓటు ద్వారా ఆమోదించినది. లినక్సు కెర్నెలు వారు 2018 సెప్టెంబరులో తమ పూర్వపు చిన్న పత్రమును తొలగించి సమగ్రమైన నియమావళిని స్వీకరించిరి. దానికి మాతృక యైన 'కంట్రిబ్యూటర్ కవెనెంట్' 2014లో వెలువడినది. దాని రెండవ రూపములో దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధము, శాశ్వత నిషేధము అను నాలుగు మెట్లు చేరినవి. పైథాన్ సముదాయము 2024 ఆగస్టులో దీర్ఘకాలముగా సేవచేసిన ఒక ముఖ్య కార్యకర్తను మూడు నెలలపాటు ప్రక్కన నుంచినప్పుడు, శిక్షకు అవధి యున్నను, కారణములు చాలునా యను వివాదము పెద్దగనే చెలరేగినది. మెట్లు ఏర్పరచుట అవసరము; మెట్లు మాత్రమే చాలవని దీనివలన తెలియుచున్నది.

6. రెండు నిదర్శనములు

2019 జూన్ మాసమున వికీమీడియా ఫౌండేషన్ ఇంగ్లీషు వికీపీడియాకు చెందిన ఒక నిర్వాహకుని ఒక సంవత్సరముపాటు నిషేధించినది. ఫిర్యాదులు గోప్యముగా వచ్చినవి కనుక వివరములు వెల్లడింపబడలేదు. ఆరోపణ యేమో సముదాయమునకు తెలియలేదు. నిందితునకు పునర్విచారణ మార్గము చూపలేదు. ఇరువదిమందికి పైగా నిర్వాహకులు తమ బాధ్యతలను వదలుకొనిరి. తుదకు మధ్యవర్తి మండలి సాక్ష్యమును పరిశీలించి, సెప్టెంబరులో ఆ నిషేధమును తొలగించినది. కాని నిర్వాహకాధికారమును తిరిగి యీయలేదు. ఇందు ఇరుపక్షముల భయమును సహేతుకమే. ఫిర్యాదీలకు రక్షణ కావలెనన్న ఫౌండేషన్ వాదమును తోసివేయరాదు. చెప్పని నేరమునకు శిక్ష యుండరాదన్న సముదాయపు వాదమును తోసివేయరాదు.

ఆ యనుభవము పిమ్మట రూపొందిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని ఫౌండేషన్ ధర్మకర్తలు ఆమోదించినట్లు 2021 ఫిబ్రవరిలో ప్రకటించిరి. దాని అమలు పద్ధతులపై 2022లో సముదాయము ఓటు వేసినది. ఆ సందర్భమున వచ్చిన ఆక్షేపణలలో రెండు మన విషయమునకు ముఖ్యములు. ఫిర్యాదీ గోప్యతకును నిందితుని హక్కునకును నడుమ తూకము సరిగా లేదనునది ఒకటి. భాష కఠినమై అనువాదమునకు లొంగుట లేదనునది రెండవది. పత్రమును సవరించి 2023లో రెండవమారు ఓటింగు జరిపిరి. అమలును పర్యవేక్షించు సమన్వయ సమితి 2024లో ఎన్నికైనది. చదివి గ్రహింపలేని నియమము న్యాయమైన నియమము కాజాలదని ఒక ప్రపంచవ్యాప్త సముదాయము అంగీకరించుట భాషాపరిశోధకులకు గమనింపదగిన విషయము.

రెండవ నిదర్శనము ఢిల్లీ నగరమునకే చెందినది. తనను గూర్చిన వికీపీడియా వ్యాసము పరువునకు భంగకరముగ నున్నదని ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 జులైలో ఢిల్లీ హైకోర్టున దావా వేసి, రెండు కోట్ల రూపాయల పరిహారమును కోరినది. ఆ వ్యాసమున మార్పులు చేసిన ముగ్గురు వాడుకరుల వివరములను తెలుపుమని ఆగస్టులో న్యాయస్థానము ఆదేశించినది. నవంబరులో కుదిరిన ఏర్పాటు ప్రకారము ఆ వాడుకరులకు సమనులను ఫౌండేషనే అందజేయుటకును, వారి గుర్తింపును బహిరంగపరచకుండుటకును అంగీకారము కలిగినది. ఈ వ్యాజ్యమును గురించియే వికీపీడియాలో వెలసిన పుటను అక్టోబరులో న్యాయస్థానము తొలగింపుమనగా, ఫౌండేషన్ దానిని నిలిపివేసినది. 2025 మే 9వ తేదీన సుప్రీంకోర్టు ఆ తొలగింపు ఆదేశమును కొట్టివేసి, న్యాయస్థానములును బహిరంగచర్చకు లోబడియే యుండవలెనను భావమును వెల్లడించినది.

ఇది లోపలి తగవు కాదు, బయటినుండి వచ్చిన ఫిర్యాదు. ఐనను దానివలన లోపలి వారికి ఒక పాఠము కలదు. మారుపేరుతో పనిచేయు స్వచ్ఛందకర్తకు ఆ మారుపేరే ఇల్లు. సముదాయపు అంతర్గత విచారణలో సేకరించిన వివరములు ఎంత తక్కువగా నుండునో, ఎంత జాగ్రత్తగా భద్రపరచబడునో, ఆ యిల్లు అంత పదిలముగా నుండును. ఫిర్యాదును విచారించుటకు అవసరము లేని వ్యక్తిగత వివరమును అడుగుటయే తప్పు.

7. మన శాసనములు చూపు మార్గము

తలుపు మూయుటకును తెరచుటకును నడుమ మార్గము లేదా? భారతీయ న్యాయచరిత్రలో దానికి రెండు ఆధారములు కానవచ్చుచున్నవి.

1977లో మేనకా గాంధీ గారి పాస్‌పోర్టును ప్రభుత్వము స్వాధీనము చేసికొని, కారణములు తెలుపుటకు నిరాకరించినది. 1978 జనవరి 25వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన తీర్పు వలన, ప్రక్రియ న్యాయమైనదిగ నుండవలెననియు, నష్టపోవు వ్యక్తి చెప్పుకొనునది వినవలెననియు స్థిరపడినది. అత్యవసరమైనచో ముందు చర్య తీసికొని, వెంటనే పిదప విచారణ జరుపవచ్చుననియు అందు గుర్తింపబడినది. ఇది నిరోధ, నిషేధముల భేదమునకు సరిగా సరిపోవుచున్నది. మంటను ఆర్పుటకు నిరోధము ముందు, వినికిడి వెనువెంటనే, నిషేధము ఆ వినికిడికి పిదప మాత్రమే.

రెండవది పనిచేయు స్థలములలో స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు 2013 నాటి చట్టము. 1997 నాటి విశాఖ తీర్పు దీనికి మూలము. ఈ చట్టము ఉద్యోగి యను పదమును నిర్వచించునప్పుడు, వేతనము లేక స్వచ్ఛందముగ పనిచేయువారిని కూడ చేర్చినది. విచారణ తొంబది దినములలో ముగియవలెను. ఫిర్యాది, ప్రతివాది, సాక్షుల గుర్తింపును లోకమునకు వెల్లడించుట నిషిద్ధము. కాని ఫిర్యాదు ప్రతి ప్రతివాదికి అందవలెను. ఇచ్చట గోప్యత లోకముపట్ల మాత్రమే. ఆరోపణకు గురియైన వ్యక్తిపట్ల కాదు.

ఈ రెండింటినుండి స్వచ్ఛంద సముదాయములకు ఒక క్రమము లభించుచున్నది. పేర్లు గోప్యముగ నుండవలెను. ఆరోపణ సారము నిందితునకు తెలియవలెను. నియమము, నిర్ణయము, కాలావధి అందరికిని తెలియవలెను. పునర్విచారణ మొదట చర్య తీసికొన్నవారు గాక వేరొకరు చేయవలెను. చిన్న సముదాయమున అట్టివారు దొరకనిచో పొరుగు భాషాసముదాయమునుండి ఒకరిద్దరిని పిలుచుట మేలు. ఊరి తగవునకు పొరుగూరి పెద్దను పిలుచుట మన పల్లెలకు తెలియనిది కాదు.

8. ఉత్తర్వు యొక్క వాక్యనిర్మాణము

పదముల వలెనే వాక్యమును న్యాయమునకు సంబంధించినదే. 'మీరు నిరోధింపబడితిరి' యను కర్మణివాక్యమున కర్త లోపించినాడు. ఇంగ్లీషునకు ఇది అలవాటైన నడక. తెలుగునకు సహజము కాదు. తెలుగున కర్తను దాచి చెప్పిన మాట ఆకాశవాణివలె వినబడును. విన్నవానికి తన కెదురుగ నొక మనిషి యున్నాడను భావమే కలుగదు. మనిషి లేనిచోట సమాధానము చెప్పబుద్ధియు కాదు. అందుచేత ఉత్తర్వు కర్తరివాక్యమున నుండవలెను.

సంబోధనము కూడ ముఖ్యమే. ఇంగ్లీషున ఒక్క మాటతో పోవునది తెలుగున 'నీవు', 'మీరు' అను రెండింటిలో నొకదానిని ఎన్నుకొనవలసి యున్నది. నిన్నటివరకు 'మీరు' అన్నవానిని నేడు 'నీవు' అన్నచో శిక్ష రెట్టింపైనట్లే. దోషము తేలినను మర్యాద తగ్గరాదు.

మూడవది విశేషణముల విషయము. 'దుష్టుడు', 'అల్లరివాడు' వంటి మాటలు వ్యక్తిని చెప్పును. 'ఈ తేదీన ఈ పుటలో వ్రాసిన ఈ వాక్యము' అనునది పనిని చెప్పును. పనిని దిద్దుకొనవచ్చును, వ్యక్తిని దిద్దుకొనుట సాధ్యము కాదు. 'దుశ్చర్య' యను పదము చర్యనే చెప్పుటచేత ఈ విషయమున మేలైనది.

ఈ సూత్రములను బట్టి ఒక మచ్చుత్తర్వును ఇచ్చట చూపుచున్నాను: 'మీరు ఫలాని దినమున ఫలాని చర్చలో తోటి వాడుకరిని ఉద్దేశించి వ్రాసిన మాటలు మన నియమావళిలోని మూడవ నియమమునకు విరుద్ధముగ నున్నవి. అందుచేత నేను, ఈ దినమునుండి ఏడు దినములపాటు, మీరు మార్పులు చేయకుండ నిరోధించితిని. మీ చర్చాపుటలో మీరు వ్రాయవచ్చును. ఈ నిర్ణయము తగదని మీరు తలచినచో, నాతో సంబంధము లేని వేరొక నిర్వాహకుడు దీనిని పునర్విచారించును. గడువు ముగిసిన పిమ్మట మీరు యథాప్రకారము పనిచేయవచ్చును.' ఇందు కర్త, కర్మ, కారణము, కాలము, పునర్విచారణ, పునఃప్రవేశము అను ఆరును కలవు. చివరి వాక్యమే ప్రాయశ్చిత్తమును తొలగించునది. తిరిగి వచ్చువాడు ఎవరికిని తల వంచవలసిన పని లేదు.

9. ఉపసంహారము

తెలుగువారి సాహిత్యచరిత్రలోనే తీవ్రమైన ఒక తగవునందు మనకొక సత్సంప్రదాయము కలదు. 1910వ దశాబ్దమున విద్యార్థుల వ్యాసరచన గ్రాంథికమున నుండవలెనా, వ్యావహారికమున నుండవలెనా యను వివాదము చెలరేగినప్పుడు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికపక్షమున నిలిచినది. ఓడిన పక్షమువారైన గిడుగు రామమూర్తి పంతులు గారు తమ భిన్నాభిప్రాయమును పత్రరూపమున సవివరముగ సమర్పించిరి. నాడు నిర్ణయము వారికి ప్రతికూలమైనను, ఆ పత్రము నిలిచినది. పిమ్మటి తరములవారు దానిని చదివి మనసు మార్చుకొనిరి. అసమ్మతిని వ్రాతలో నుంచి భద్రపరచిన సమాజము తన తప్పును తాను దిద్దుకొనగలదు. అసమ్మతుని వెడలగొట్టి చిట్టాను చెరిపిన సమాజమునకు ఆ యవకాశము లేదు.

స్వచ్ఛంద సాంకేతిక సముదాయములు తెలుగునకు చేయుచున్న సేవ గొప్పది. వేతనము లేని చోట గౌరవమే వేతనము. ఆ గౌరవము న్యాయముగ అందుటకు వలయు మాటలను సమకూర్చుట భాషావేత్తల పని. ఇతర భారతీయభాషలయందు బహిష్కరణమును, ఫిర్యాదును తెలుపు శబ్దముల చరిత్రను ఆయా భాషల పండితులు ఇట్లే పరిశీలించినచో, అన్ని భాషలకును ఉపకరించు సమానపరిభాష యొకటి రూపొందగలదు. తమిళమున 'వెళి'యు, హిందీలో 'ఫరియాద్'యు ఏ తీరున పరిణమించెనో తెలిసికొనుటతో ఆ పని ఆరంభింపవచ్చును.